23π/6 కు బదులు 5π/6 రాస్తే టాన్ సరిపోతోంది, సైన్ మాత్రం తప్పుతోంది: ఎందువల్ల?

గౌతమీ_తీరం

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. నేను కామర్స్ చదివినదాన్ని. త్రికోణమితి నాకు పదో తరగతితోనే ఆగిపోయింది, అందులోనూ మాకు కోణాలన్నీ డిగ్రీల్లోనే చెప్పారు కాబట్టి రేడియన్ల లెక్కలు (వాటిలో π అంటే 180 డిగ్రీలట) ఇప్పుడు తన పుస్తకంలోనే మొదటిసారి చూస్తున్నాను. నిన్న రాత్రి తను పది లెక్కలు చేసింది. ప్రతి లెక్కలోనూ ఒక పెద్ద కోణం ఇచ్చి, దానికి 0 నుంచి 2π లోపల ఉండే కోటెర్మినల్ కోణం, అంటే చివరి భుజం అదే చోటికి వచ్చి ఆగే కోణం, కనుక్కొని, దాని ద్వారా సైన్, కాస్, టాన్, కాట్ విలువలలో ఏదో ఒకటి రాయమన్నారు. పదింటిలో ఆరు సరిగ్గా వచ్చాయి, నాలుగు తప్పాయి. తప్పిన నాలుగింటిలోనూ అంకె తప్పలేదు, ధన రుణ గుర్తు మాత్రమే తారుమారైంది.

తను చేసే పద్ధతి ఇది. 23π/6 ఇస్తే 23 ను 6 తో భాగించి, భాగఫలం 3, మిగిలినది 5/6 అని మిశ్రమ భిన్నంగా రాస్తుంది. "పూర్తి చుట్లు తీసేయాలి కదా" అంటూ ఆ 3 ను కొట్టేసి, కోణం 5π/6 అంటుంది. ఈ దారిలోనే టాన్ 23π/6 కు −1/√3 వచ్చింది, అది పుస్తకం వెనక ఉన్న జవాబుతో సరిపోయింది. అదే కోణానికి సైన్ అడిగినప్పుడు తనకు 1/2 వచ్చింది, పుస్తకంలో −1/2 ఉంది. సైన్ 29π/6 మాత్రం ఇదే దారిలో చేసి 1/2 అని సరిగ్గానే రాసింది. సైన్ (−19π/3) మళ్లీ తప్పింది. పద్ధతే తప్పయితే ఆరు లెక్కలు ఎలా సరిపోయాయి అన్నది తన వాదన. నా దగ్గర దానికి సమాధానం లేదు. దయచేసి ఎవరైనా వివరించగలరా?

నల్లబల్ల

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ అమ్మాయి చేసిన ఈ పొరపాటును ఏటా చూసేవాణ్ణి. పొరపాట్లలోకెల్లా ఇది మొండిది, ఎందుకంటే ఇది సగం సార్లు సరైన జవాబే ఇస్తుంది. ఎప్పుడూ తప్పు జవాబే ఇచ్చే పద్ధతిని పిల్లలు రెండో రోజే వదిలేస్తారు.

జరిగినది ఇది. 23π/6 ను ఆమె 3π + 5π/6 గా విడగొట్టింది. అంతవరకు తప్పు లేదు. అయితే ఆ 3 అన్నది మూడు చుట్లు కాదు, మూడు π లు. ఒక π అంటే అర్ధ చుట్టు మాత్రమే. పూర్తి చుట్టుకు 2π కావాలి. మూడు అర్ధ చుట్లు అంటే ఒకటిన్నర చుట్టు. ఒక చుట్టు తీసేస్తే చివరి భుజం ఉన్నచోటే ఉంటుంది, కానీ ఆ పైన ఉన్న అర్ధ చుట్టును కూడా తీసేస్తే భుజం కేంద్రానికి సరిగ్గా అవతలి వైపుకు పోతుంది. ఆమె తీసేయవలసినది 2π మాత్రమే. మిగిలేది π + 5π/6, అంటే 11π/6.

29π/6 లెక్క ఎందుకు సరిపోయిందో ఇప్పుడు మీకే తెలిసిపోతుంది. అది 4π + 5π/6. నాలుగు అర్ధ చుట్లంటే సరిగ్గా రెండు పూర్తి చుట్లు, కాబట్టి 4 ను కొట్టేసినా నష్టం లేదు. ముందు వచ్చిన అంకె సరి సంఖ్య అయితే ఆమె పద్ధతి నిలుస్తుంది, బేసి సంఖ్య అయితే కూలుతుంది.

ఇక టాన్ సంగతి. 5π/6, 11π/6 రెండూ ఒకే సరళరేఖకు రెండు కొసలు. ఒక కొస నుంచి రెండో కొసకు పోతే సైన్ గుర్తు మారుతుంది, కాస్ గుర్తు కూడా మారుతుంది. రెండింటి నిష్పత్తి అయిన టాన్ మాత్రం మారదు. పుస్తకంలో సైన్, కాస్ ప్రమేయాలకు ఆవర్తనం (విలువలు మళ్లీ మొదటికి వచ్చే దూరం) 2π అనీ టాన్, కాట్ ప్రమేయాలకు π అనీ రాసి ఉండే వాక్యం ఇదే. ఆమె తప్పును టాన్ కప్పిపెట్టింది. తన పది లెక్కల్లో టాన్, కాట్ ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టమనండి.

మిశ్రమ భిన్నాన్ని పూర్తిగా మానుకోవడం నా సలహా. 23π/6 ను "ఇరవై మూడు π/6 లు" అని చదవమనండి, ఇరవై మూడు రూపాయలు అన్నట్టుగా. ఒక పూర్తి చుట్టులో π/6 లు పన్నెండు ఉంటాయి. గోడ గడియారం మీద గంటలు కూడా పన్నెండే, ఒక్కొక్క గంటకు మధ్య కోణం కూడా π/6 యే. రైల్వే టైము 23:00 అంటే ఎన్నింటికి అని అడిగితే మీ అమ్మాయి 12 తీసేసి రాత్రి పదకొండింటికి అని తడుముకోకుండా చెబుతుంది. 23π/6 కు 11π/6 వచ్చింది కూడా సరిగ్గా అలాగే. 5π/6 అని రాయడమంటే 23:00 రైలును సాయంత్రం అయిదింటికి ఎక్కుదామని బయలుదేరడమే.

గౌతమీ_తీరం

మాస్టారూ, లెక్కపెట్టాం. సరిపోయిన ఆరింటిలో నాలుగు టాన్, కాట్ లెక్కలే. మిగిలిన రెండింటిలో ముందు అంకె సరి సంఖ్య. రైలు మాట చెప్పగానే తనకు నవ్వు వచ్చింది, తరవాత పుస్తకం తీసుకుని గది లోపలికి వెళ్లిపోయింది.

అయితే తను రెండు ప్రశ్నలు రాసి ఇచ్చింది. గడియారం ముల్లు కుడివైపు తిరుగుతుంటే కోణాలను ఎడమవైపు కొలుస్తారు కదా, పోలిక ఎలా కుదురుతుంది అన్నది మొదటిది. హారంలో 6 కాక 4 గానీ 3 గానీ 10 గానీ ఉంటే ఏం చేయాలి, కోణం రుణం అయితే ఏం చేయాలి అన్నది రెండోది.

నల్లబల్ల

మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది. దిశ గడియారానిదీ కోణానిదీ వేరైనా, చుట్టుకు పన్నెండు భాగాలన్న లెక్క రెండింటికీ ఒకటే. అపసవ్య దిశలో తిరిగే గడియారాన్ని ఊహించుకొమ్మనండి, సున్న కుడిచేతి వైపు ఉన్నట్టు.

రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. హారం ఏదైనా సరే, దాన్ని రెట్టింపు చేస్తే ఒక చుట్టులో ఎన్ని ముక్కలున్నాయో వస్తుంది. π/4 లు ఎనిమిది, π/3 లు ఆరు, π/10 లు ఇరవై. ఇది తెలిశాక మిగిలినదంతా లవాల మీద జరిగే మామూలు తీసివేత. π ను, హారాన్ని ముట్టుకోవలసిన పని లేదు. 41π/10 ఇస్తే 41 లోంచి 40 పోగా ఒకటి మిగిలింది, జవాబు π/10.

రుణ కోణాల దగ్గర పిల్లలు రెండో గుంటలో పడతారు. −19π/3 తీసుకోండి. మీ అమ్మాయి 19 ను 3 తో భాగించి 6 కొట్టేసింది. 6 సరి సంఖ్యే, కాబట్టి ఆ అడుగు మంచిదే. అయితే మిగిలినది −π/3 కాగా, దారిలో గుర్తు జారిపోయి π/3 అయింది. ఇక్కడ నేను పిల్లలకు చెప్పేది ఏమంటే, ముందు తీసివేయడం ఆపి, కలపడం మొదలుపెట్టండి. చుట్టుకు ఆరు ముక్కలు. 19 కంటే పెద్దదైన మొదటి ఆరు గుణిజం 24. −19 కి 24 కలిపితే 5. జవాబు 5π/3, నాలుగో పాదం (చుట్టులో నాలుగో పావు), సైన్ విలువ −√3/2. ఒక్కసారి కలిపితే అయిపోయింది, గుర్తు జారిపోవడానికి మధ్యలో మెట్టే లేదు. −17π/4 అయినా అంతే: ఎనిమిది గుణిజాల్లో 17 దాటినది 24, కాబట్టి 7π/4.

సూటిప్రశ్న

ఇంత తతంగం అవసరమా అన్నది నా సందేహం. π చోట 180 వేసి డిగ్రీల్లోకి మార్చుకుంటే 29π/6 అంటే 870 డిగ్రీలు. రెండు సార్లు 360 తీసేస్తే 150. మళ్లీ రేడియన్లలోకి తెచ్చుకుంటే 5π/6. నేను ఇంటర్ మొత్తం ఇలాగే గట్టెక్కాను, ఎవరూ తప్పు పట్టలేదు. డిగ్రీల్లో కళ్లకు కట్టినట్టు కనిపించే విషయాన్ని రేడియన్లలో ఎందుకు దాచిపెడతారో నాకు నేటికీ అర్థం కాదు.

రెండో_ఏడాది

అన్నా, π ఉన్న కోణాలకు మీ దారి పనిచేస్తుంది. కానీ పోటీ పరీక్షల్లో π లేకుండా ఇస్తారు. సైన్ 10 అని ఉంటుంది, డిగ్రీ గుర్తు ఉండదు, అంటే 10 రేడియన్లు. నేను నిరుడు అభ్యాస పరీక్షలో దాన్ని 10 డిగ్రీలు అనుకుని ధన విలువ అని గుర్తు పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. క్యాలిక్యులేటరు ఉండదు కాబట్టి దాన్ని డిగ్రీల్లోకి మార్చాలంటే 10 ను 180 తో గుణించి 3.1416 తో భాగించాలి; అంతకంటే నేరుగా 2π తీసేయడమే తేలిక. 10 లోంచి 6.2832 పోతే 3.7168. అది π కంటే, అంటే 3.1416 కంటే, పెద్దది. 3π/2 కంటే, అంటే 4.7124 కంటే, చిన్నది. మూడో పాదం, సైన్ రుణం. రెండు అడుగుల్లో అయిపోయింది.

నా వరకు నాలుగు అంకెలు కంఠస్థం పెట్టుకున్నాను: 1.57, 3.14, 4.71, 6.28. ఏ కోణం ఇచ్చినా 6.28 లు తీసేసి, మిగిలినది ఈ నాలుగింటిలో ఏ రెండింటి మధ్య పడిందో చూస్తాను.

అయితే ఇక్కడే నాకూ ఒక సందేహం ఉంది. విలోమ ప్రమేయాల పాఠంలో (విలోమ సైన్ అంటే సైన్ విలువ నుంచి కోణాన్ని చెప్పేది) విలోమ సైన్ (సైన్ 10) విలువ ఎంత అని అడిగి జవాబు 3π − 10 అని ఇచ్చారు. 10 కి కోటెర్మినల్ కోణాలు 10 − 2π, 10 − 4π అలా పోవాలి కదా. ఇందులో బేసి సంఖ్య 3 ఎలా వచ్చింది, 10 ముందు మైనస్ ఎలా వచ్చింది? బేసి సంఖ్య రాకూడదని మాస్టారు ఇప్పుడే చెప్పారు.

నల్లబల్ల

మంచి చోట పట్టుకున్నావు బాబూ. 3π − 10 అన్నది 10 కి కోటెర్మినల్ కోణం కానే కాదు. అది సైన్ విలువ ఒకటే ఉన్న వేరే కోణం. విలోమ సైన్ జవాబు −π/2 నుంచి π/2 లోపలే ఉండాలి, అంటే −1.57 నుంచి 1.57 లోపల. 10 కోటెర్మినల్ కోణాలు 3.72, −2.57 లాంటివి, వాటిలో ఒక్కటీ ఆ హద్దులో పడదు. అందుకని రెండు పనులు చేశాం. ముందు 2π తీసేసి 10 − 2π కి వచ్చాం. తరవాత సైన్ (π − θ) = సైన్ θ అన్న సూత్రంతో నిలువు అక్షానికి అవతలి వైపు ప్రతిబింబాన్ని తీసుకున్నాం: π − (10 − 2π) = 3π − 10. విలువ సుమారు −0.575, హద్దు లోపలే ఉంది. మైనస్ గుర్తు, బేసి సంఖ్య రెండూ ఆ ప్రతిబింబం నుంచి వచ్చినవి.

కోటెర్మినల్ కోణాలకు సైన్ తప్పకుండా సమానం. సైన్ సమానమైనంత మాత్రాన కోణాలు కోటెర్మినల్ కావు. సైన్, కాస్ రెండూ సమానమైతేనే ఆ మాట అనగలం.

రేడియన్ అన్న పేరు గురించి ఒక ముక్క చెప్పి ఆపుతాను. ఆ మాట మొట్టమొదట అచ్చులో కనిపించింది 1873లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీలో జేమ్స్ థామ్సన్ తయారుచేసిన ఒక పరీక్షా పత్రంలో. పుట్టడమే ప్రశ్నపత్రంలో పుట్టిన మాట, పిల్లలు దానికి భయపడటంలో వింత లేదు.

శేషం_సున్న

నేను సాఫ్ట్‌వేర్ రాసుకుంటాను. మాస్టారు లవాలతో చేయించిన పనికి మా దగ్గర శేషం అని పేరు, దాని కోసం ఒక గుర్తే ఉంది. −19 ను 6 తో భాగిస్తే శేషం ఎంత అని పైథాన్ భాషను అడిగితే 5 అంటుంది. అదే ప్రశ్న సీ భాషను అడిగితే −1 అంటుంది. ఒకటి 5π/3, రెండోది −π/3. రెండూ కోటెర్మినల్ కోణాలే, రెండూ సరైనవే, కాని 0 నుంచి 2π లోపల కావాలంటే సీ భాషలో ఫలితం రుణమైనప్పుడు ఇంకో చుట్టు మనమే కలపాలి. తిరిగే బొమ్మ ఒకటి తెర మీద ఒక దిశలో బాగానే తిరిగి, వెనక్కి తిప్పగానే గెంతుతోందని నేను ఒక పూట తల బద్దలు కొట్టుకున్నది ఈ −1 దగ్గరే.

ఇంకొక హెచ్చరిక. π విలువను 22/7 గా తీసుకునే అలవాటు మనందరికీ బడిలో పడింది. π తో కూడిన భిన్నాల్లో ఆ అలవాటు బయటపడదు, ఎందుకంటే అక్కడ π విలువే వాడం. π లేని రేడియన్లలో మాత్రం అది ముంచుతుంది. 1000 రేడియన్లు తీసుకోండి. 2π ను 6.2831853 గా తీసుకుంటే 159 చుట్లు పోయి 0.9735 మిగులుతుంది. 44/7 గా తీసుకుంటే అవే 159 చుట్లు పోయి 0.5714 మిగులుతుంది. మొదటి దానికి సైన్ సుమారు 0.827, రెండోదానికి 0.541. ఒక్క చుట్టులో జరిగే పొరపాటు చిన్నదే, కాని ప్రతి చుట్టుకూ అది పేరుకుంటుంది. అన్నట్టు 22/7 నిజమే అయితే 22 రేడియన్లు సరిగ్గా 7π అవ్వాలి, సైన్ 22 సున్న అవ్వాలి. నిజానికి అది సుమారు −0.00885.

ఒకటి పక్కన 22 సున్నలు పెట్టి దాని సైన్ అడిగితే యంత్రం కూడా ముందు చుట్లు తీసేయాలి. అంత పెద్ద సంఖ్యకు శేషం సరిగ్గా రావాలంటే π దాదాపు నలభై అంకెల దాకా కావాలి. ఈ చిక్కుకు పేన్, హానెక్ అనే ఇద్దరు 1983లో ప్రచురించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. జవాబు దాదాపు −0.8522.

రెండో_ఏడాది

అయితే 1, 2, 3 ఇలా పూర్ణసంఖ్యల రేడియన్లలో ఏవైనా రెండు కోణాలు కోటెర్మినల్ అవుతాయా?

శేషం_సున్న

ఎప్పటికీ కావు తమ్ముడూ. రెండు పూర్ణసంఖ్యల భేదం 2π కి పూర్ణ గుణిజం అయితే π రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తి అయిపోతుంది. π కరణీయ సంఖ్యే, అంటే అలాంటి నిష్పత్తి కాదు, అని లాంబర్ట్ పద్దెనిమిదో శతాబ్దంలోనే నిరూపించాడు. దగ్గరగా మాత్రం రాగలవు. 44 రేడియన్లు ఏడు పూర్తి చుట్లకు 0.0177 మాత్రమే ఎక్కువ. 710 రేడియన్లు 113 చుట్లకు 0.00006 ఎక్కువ, ఎందుకంటే 355/113 అన్నది π కి చాలా దగ్గరి భిన్నం.

తిథివారం

లెక్కల పాఠం మధ్యలో పంచాంగం ఏమిటని అనుకోకండి, ఇది ఈ విషయమే. సిద్ధాంత గణితం నేర్చుకుంటున్నవాణ్ణి కాబట్టి నాకు రోజూ చేతికి తగిలే సంగతి చెబుతున్నాను.

తిథి కట్టాలంటే చంద్రుడి స్ఫుటంలోంచి (ఆకాశంలో ఉన్న చోటు, డిగ్రీల్లో) సూర్యుడి స్ఫుటం తీసివేసి 12 డిగ్రీలతో భాగించాలి. చంద్రుడు 20 డిగ్రీల దగ్గర, సూర్యుడు 350 డిగ్రీల దగ్గర ఉన్నారనుకోండి. భేదం −330. రుణ తిథి అంటూ ఉండదు కనుక 360 కలుపుతాం, 30 వస్తుంది. 12 తో భాగిస్తే రెండు తిథులు గడిచాయి, శుక్ల తదియ సగంలో ఉంది. మాస్టారు −19 కి 24 కలపమన్నది సరిగ్గా ఇదే అడుగు. రేడియన్లలో చెప్పుకుంటే తిథి π/15. హారాన్ని రెట్టింపు చేస్తే ముప్పై, నెలకు ముప్పై తిథులు.

గ్రహాల మధ్యమ (సగటు) స్థానం కట్టేటప్పుడు ఈ పని ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. ఆర్యభటీయం లెక్కలో 43,20,000 సౌర సంవత్సరాల మహాయుగంలో చంద్రుడు 5,77,53,336 భగణాలు, అంటే చుట్లు, తిరుగుతాడు. గడిచిన రోజులను ఆ సంఖ్యతో గుణించి, యుగంలోని రోజులతో భాగిస్తే వచ్చే భాగఫలం పూర్తయిన చుట్లు. దాన్ని పక్కన పడేసి భగణ శేషాన్ని మాత్రమే పట్టుకుని, 12 తో గుణిస్తే రాశులు, మిగిలినదాన్ని 30 తో గుణిస్తే భాగలు, అంటే డిగ్రీలు, తీస్తాం. చంద్రుడు ఎన్ని లక్షల చుట్లు తిరిగాడో పంచాంగం చూసేవారికి అక్కర లేదు, ఇవాళ ఎక్కడ ఉన్నాడో చాలు.

సూటిప్రశ్న గారికి ఇంకొక మాట. రేడియన్ పేరు కొత్తదే గాని ఆలోచన కొత్తది కాదు. ఆర్యభటుడి జ్యా (సైన్) పట్టికలో వృత్త వ్యాసార్థం 3438. చుట్టుకొలతను 21,600 కళలుగా (డిగ్రీకి అరవై కళలు) తీసుకుంటే, అదే కొలతలో వ్యాసార్థం ఎంత అన్నదానికి జవాబు అది. వ్యాసార్థమంత పొడవున్న చాపానికి ఎదురుగా ఉండే కోణం కూడా 3438 కళలే అవుతుంది. ఈనాటి భాషలో అది ఒక రేడియన్.

సూటిప్రశ్న

బాగుంది, నా డిగ్రీలను కొంత వెనక్కి తీసుకుంటాను. కానీ అందరూ చుట్లు పడేయమనే అంటున్నారు. 29π/6 కీ 5π/6 కీ అన్ని విధాలా తేడా లేదంటే, అసలు 29π/6 అన్న కోణం ఎందుకుండాలి?

నల్లబల్ల

తేడా ఉంది, అందుకే ఉండాలి. మీరు నుయ్యి చూసే ఉంటారు. గిలక వ్యాసార్థం 10 సెంటీమీటర్లు అనుకోండి. గిలక 29π/6 రేడియన్లు తిరిగితే చేంతాడు 10 × 29π/6, అంటే దాదాపు 152 సెంటీమీటర్లు దిగుతుంది. 5π/6 తిరిగితే 26 సెంటీమీటర్లే దిగుతుంది. గిలక మీద సుద్దతో పెట్టిన గుర్తు రెండు సందర్భాల్లోనూ ఒకే చోట ఉంటుంది, చేద మాత్రం మీటరుకు పైగా తేడాలో ఉంటుంది. కోటెర్మినల్ అన్న మాట సుద్ద గుర్తు గురించి చెబుతుంది, చేద గురించి చెప్పదు. చాపం పొడవు, సెక్టారు వైశాల్యం, తిరిగిన వేగం అడిగిన లెక్కల్లో చుట్లు తీసేస్తే జవాబు పోయినట్టే.

ఇంతకంటే లోతైన గుంట ఇంకొకటి ఉంది. π/3, 7π/3 కోటెర్మినల్ కోణాలు. వాటిని సగం చేయండి: π/6, 7π/6. ఇవి కోటెర్మినల్ కావు, ఎదురెదురు కొసలు. θ విలువ 7π/3 అని ఇచ్చి కాస్ θ/2 అడిగితే, ముందే 2π తీసేసి π/3 చేసుకున్నవాడికి √3/2 వస్తుంది. అసలు జవాబు −√3/2. పూర్ణసంఖ్యతో గుణించేటప్పుడు ముందే చుట్లు తీసేసినా ప్రమాదం లేదు, ఎందుకంటే తీసేసినవి పూర్తి చుట్లే, గుణించినా పూర్తి చుట్లే. భాగించేటప్పుడు మాత్రం భాగహారం ముందు, చుట్లు తీయడం తరవాత. సగం చుట్టు చుట్టు కాదని ఈ చర్చ మొదట్లో చెప్పుకున్నదే మళ్లీ ఇక్కడ ఎదురైంది.

రెండో_ఏడాది

మాస్టారూ, ఇది చదివాక డీ మాయవర్ సిద్ధాంతం (సంకీర్ణ సంఖ్యల ఘాతాలు, మూలాలు కనుక్కునేది) పాఠం ఒక్కసారిగా అర్థమైంది. ఘనమూలాలు కనుక్కునేటప్పుడు కోణానికి 2π, 4π కలిపి ఆ తరవాత 3 తో భాగించమంటారు. ఇన్నాళ్లూ కోటెర్మినల్ కోణమే కదా, కలిపినా ఒకటే కదా, ఎందుకు కలపమంటారు అనుకునేవాణ్ణి. −1 కోణం π. దానికి కోటెర్మినల్ కోణాలు 3π, 5π. మూడింటినీ 3 తో భాగిస్తే π/3, π, 5π/3 వస్తాయి. భాగించక ముందు ఒకే చోట ఉన్న మూడు కోణాలు భాగించాక మూడు వేర్వేరు దిక్కులకు విడిపోయి మూడు మూలాలు ఇస్తున్నాయి. నాలుగోది 7π తీసుకుంటే 7π/3 వచ్చి మళ్లీ π/3 మీదికే చేరుతుంది, కాబట్టి మూడుతో ఆగాలి.

గౌతమీ_తీరం

అందరికీ కృతజ్ఞతలు. ఘనమూలాల సంగతి మాకు వచ్చే ఏడాదికి దాచుకుంటాం. ఈ రోజు సాయంత్రం తనకు పది కొత్త లెక్కలు నేనే తయారుచేసి ఇచ్చాను, ఈసారి టాన్, కాట్ ఒక్కటి కూడా లేకుండా. 37π/4 కు 5π/4 అని, −23π/6 కు π/6 అని, 10 రేడియన్లకు మూడో పాదం అని చకచకా రాసింది. −10π నుంచి 10π వరకు 5π/6 తో కోటెర్మినల్ అయ్యే కోణాలు, దాన్ని కూడా కలుపుకొని, ఎన్ని ఉంటాయని అడిగితే, చుట్టుకు ఒకటి చొప్పున పది చుట్లకు పది అని లెక్క కట్టకుండానే చెప్పింది. సరేనా అని నేను ఒక్కొక్కటి రాసి చూసుకున్నాను, పదే వచ్చాయి.

ఒక్కటి మాత్రం తేలలేదు. 24π/6 ఇస్తే 12π/6 అని, అంటే 2π అని రాసింది. పుస్తకంలో జవాబు 0 అని ఉంది. గడియారంలో సున్న ఎక్కడ ఉంది, పన్నెండే కదా ఉంది అంటోంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నల్లబల్ల

తప్పు నాదే అమ్మా, గడియారం పోలిక తెచ్చినవాణ్ణి నేనే. 2π కూడా అదే చోట ఆగే కోణమే, కాని ప్రశ్నలో 0 ను కలుపుకొని 2π ను వదిలేయమంటారు, లేకపోతే ఒకే స్థానానికి రెండు జవాబులు వస్తాయి. 24 లోంచి 12 ను రెండు సార్లు తీసేయవచ్చు, కాబట్టి ఆమె ఇంకొక చుట్టు తీసేయాలి. రైల్వే టైములో కూడా అర్ధరాత్రి 00:00 యే. మీ గడియారం అద్దం మీద 12 ఉన్న చోట చిన్న కాగితం అంటించి 0 అని రాయమనండి.